ఫ్రిజ్‌లో పెట్టేముందు గడియారం చూడండి



ఈవేళ మనం మాట్లాడుకోబోయేది కొత్త విషయమేమీ కాదు. వంటింటి మూలనో, హాలు మూలనో నిలబడి రాత్రింబవళ్ళు సన్నగా రొద చేస్తూ ఉండే ఫ్రిజ్ గురించి. ఒకప్పుడు వీధికి ఒకటో రెండో ఉండేవి. ఇప్పుడు బళ్ళారి పక్క పల్లెలోనైనా, హోసూరులోనైనా, రాయగడ, బరంపురం వీధుల్లోనైనా, సిరొంచలోనైనా, యానాంలోనైనా ఫ్రిజ్ ఉన్న ఇళ్ళు బాగా పెరిగాయి. వస్తువైతే వచ్చింది గాని, దాన్ని ఎలా వాడుకోవాలో చెప్పేవాళ్ళు తక్కువ. పెట్టెతో పాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని చాలామందిమి చదవకుండానే అటక మీద పడేస్తాం.

ముందుగా మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను.

కొన్నేళ్ళ కిందట, వేసవి సెలవుల్లో మా ఇంటికి చుట్టాలు వచ్చారు. రాత్రి ఎనిమిది గంటలకు పెద్ద గిన్నెడు అన్నం వార్చి దించాం. పిల్లలు అప్పటికే మామిడిపళ్ళు తిని ఉన్నారు, అన్నం సరిగ్గా తినలేదు. సగం గిన్నె మిగిలిపోయింది. మేడ మీద అందరం మాటల్లో పడ్డాం. పన్నెండున్నరకు ఎవరో గుర్తుచేస్తే, గిన్నెకు మూత పెట్టి అలాగే ఫ్రిజ్‌లోకి తోశాం. మర్నాడు పొద్దున్న ఆ అన్నాన్నే పోపు వేసి నిమ్మకాయ పులిహోర కలిపాం. వాసన రాలేదు, జిగురు లేదు, రుచి మారలేదు. అందరం తిన్నాం. పదకొండు గంటలకల్లా ఇద్దరు పిల్లలకు వాంతులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి మా అత్తగారికీ పట్టుకున్నాయి. పిల్లలు సాయంత్రానికి తేరుకున్నారు గాని, పెద్దావిడకు మాత్రం సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. ఏం తిన్నారని డాక్టరుగారు మొదట అడిగారు. ఆ తరువాత ఆయన అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఆ అన్నం ఎన్నింటికి దించారు, ఎన్నింటికి ఫ్రిజ్‌లో పెట్టారు?" అన్నారు. చెప్పాం. "ఆ నాలుగున్నర గంటలే మీ కొంప ముంచి ఉంటాయి" అన్నారాయన.

ఫ్రిజ్‌లో పెట్టాం గనుక భయం లేదని మేమంతా నమ్మాం. తప్పు ఫ్రిజ్‌ది కాదు, మాదే. ఆ నాలుగున్నర గంటల్లో గిన్నెలో ఏం జరుగుతుందో అర్థమైతే, ఆహారం నిలవ చేసుకోవడం గురించి తెలుసుకోవలసిన దాంట్లో ముప్పాతిక భాగం తెలిసినట్టే.

మన చుట్టూ గాలిలో, నేల మీద, చేతుల మీద, పప్పుల్లో, బియ్యంలో కంటికి కనబడని క్రిములు ఉంటూనే ఉంటాయి. వాటికి కావలసినవి తిండి, తడి, వెచ్చదనం. వండిన అన్నంలో, కూరలో తిండికీ తడికీ కొదవ లేదు. వెచ్చదనం మన వంటిల్లే ఇస్తుంది. ఈ మూడూ అమరితే కొన్ని రకాల క్రిములు 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతాయి. ఒక్క క్రిమితో లెక్క మొదలుపెట్టినా గంటకు 8, నాలుగు గంటలకు 4,096, ఎనిమిది గంటలకు కోటీ 67 లక్షల పైచిలుకు అవుతాయి. మొదట వెయ్యి ఉన్నాయనుకుంటే, నాలుగు గంటలకే 40 లక్షలు దాటుతాయి. అందుకే గంట ఆలస్యమంటే చిన్న విషయం కాదు.

ఈ క్రిములు బాగా పెరిగే వేడిమి 5 డిగ్రీల సెంటీగ్రేడు నుంచి 60 డిగ్రీల దాకా. అరవై దాటితే వాటికి పెరగడం కుదరదు. అయిదుకు దిగితే పెరుగుదల చాలా మందగిస్తుంది. ఈ రెంటి నడుమ ఉన్నదే ప్రమాదపు మేర. వేసవిలో బళ్ళారి, రాయచూరుల్లో 40 డిగ్రీలు దాటడం, చంద్రపూర్ వైపు 45 కూడా దాటడం మనకు కొత్త కాదు. అంటే ఆ రోజుల్లో మన వంటిల్లు మొత్తం క్రిములకు పొదిగే చోటన్నమాట.

ఇక్కడ అందరూ గుర్తుంచుకోవలసిన మాట ఒకటుంది. ఫ్రిజ్ క్రిములను చంపదు. వాటి పెరుగుదలను మందగింపజేస్తుంది, అంతే. లోపల పెట్టేటప్పటికి గిన్నెలో ఎన్ని క్రిములున్నాయో, ఇంచుమించు అన్నీ అలాగే ఉంటాయి. పైన మంచు పెట్టెలో, అంటే ఫ్రీజరులో పెట్టినా చాలావరకు చావవు, నిద్రపోతాయి. బయటకు తీసి మంచు కరగగానే మళ్ళీ లేస్తాయి. కాబట్టి ఆహారం ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది ఫ్రిజ్‌లో పెట్టిన రోజు నుంచి లెక్కపెడితే సరిపోదు. పొయ్యి మీద నుంచి దించిన ఘడియ నుంచి లెక్కపెట్టాలి.

మరి మర్నాడు వేడి చేస్తే క్రిములు చచ్చిపోవా అని మీరడగవచ్చు. మా ఇంట్లో అన్నం సంగతి అక్కడే ఉంది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి తరచుగా ఉంటుంది. దానికి ఒక గట్టి పెంకు కట్టుకునే విద్య ఉంది. విత్తనం ఎండలో ఎండినా చావనట్టు, ఆ పెంకులో ఉన్నంతసేపూ అది మరిగే నీళ్ళలో కూడా బతికి బయటపడుతుంది. అన్నం ఉడికి, దించి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పెంకు విడిచి పెరగడం మొదలుపెడుతుంది. పెరిగేకొద్దీ ఒక విషం తయారుచేస్తుంది. క్రిమి చచ్చినా ఆ విషం చావదు. పోపు వేసినా, మళ్ళీ ఆవిరి పట్టినా అది అలాగే ఉంటుంది. తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు అవుతాయి. మనచేతుల మీద, ముక్కులో, గోటిచుట్టు వంటి పుండ్లలో ఉండే స్టాఫిలోకాకస్ అనే క్రిమి కూడా ఇలాంటి విషమే తయారుచేస్తుంది. అందుకని వేడి చేయడం మంచిదే గాని, ఆలస్యంగా ఫ్రిజ్‌లో పెట్టిన తప్పును అది దిద్దలేదు.

వాసన చూసి తేల్చుకోవడం కూడా మనకు అలవాటు. వాసనా, జిగురూ, బూజూ తెచ్చే క్రిములు వేరు, జబ్బు తెచ్చే క్రిములు వేరు. వాసన వస్తే పారేయాలి, అందులో సందేహం లేదు. వాసన రాలేదు గనుక మంచిదే అనుకోవడానికి మాత్రం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఇళ్ళ కోసమే అయిదు సూత్రాలతో ఒక గోడపత్రిక వేసింది. శుభ్రత పాటించండి, పచ్చివాటినీ వండినవాటినీ వేరుగా ఉంచండి, బాగా ఉడికించండి, ఆహారాన్ని తగిన వేడిలోనో తగిన చల్లదనంలోనో ఉంచండి, మంచినీళ్ళూ మంచి సరుకులూ వాడండి అన్నవి ఆ అయిదూ. అందులో నాలుగో సూత్రం కింద, వండిన పదార్థాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచవద్దని ఉంది. గది వేడి 32 డిగ్రీలు దాటితే ఆ గడువును ఒక్క గంటకు తగ్గించుకోవాలని నిపుణులు చెబుతారు. మన ప్రాంతాల్లో మార్చి నుంచి జూన్ దాకా ఒక గంటే మన గడువు అనుకోవడం మేలు. భోజనాలు అవగానే అంట్లు తోమడం కంటే ముందు, మిగిలిన వాటి సంగతి చూడాలి.

దీనికి అడ్డం వచ్చే నమ్మకం ఒకటుంది. వేడి వస్తువు ఫ్రిజ్‌లో పెడితే ఫ్రిజ్ పాడవుతుందని, అందుకని పూర్తిగా చల్లారేదాకా ఆగాలని. పొగలు కక్కే పెద్ద గిన్నెను అలాగే లోపల పెట్టకూడదన్న మాట నిజమే. లోపలున్న పాలూ పెరుగూ కూడా దాంతోపాటు వెచ్చబడతాయి, కరెంటు ఎక్కువ కాలుతుంది. అలాగని తెల్లారేదాకా చల్లారబెట్టడం అంతకంటే పెద్ద తప్పు. లోతైన గిన్నెలో నిండుగా ఉన్న సాంబారు పైన చల్లగా తగిలినా, నడుమ చాలా గంటలు వెచ్చగానే ఉంటుంది.

దీనికి ఉపాయం మన వంటింట్లోనే ఉంది. మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో రెండంగుళాల మందానికి మించకుండా పరచండి. పప్పునూ సాంబారునూ రెండు మూడు చిన్న గిన్నెల్లోకి వంచండి. ఆ గిన్నెలను చన్నీళ్ళ తొట్టెలోనో బేసిన్‌లోనో కూర్చోబెట్టి, మధ్య మధ్య శుభ్రమైన గరిటెతో కలపండి. ఒకసారి నీళ్ళు మార్చండి. అరగంటలో పొగలు పోయి గోరువెచ్చనవుతుంది. అప్పుడు మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయవచ్చు. చెయ్యి పెట్టి చూస్తే కాస్త వెచ్చగా ఉన్నా ఫరవాలేదు. కాచిన పాలకూ ఇదే పద్ధతి. నిన్నటి పాలల్లో ఇవాళ్టి పాలు మాత్రం కలపకండి. కలిపితే పాత క్రిములకు కొత్త తిండి పెట్టినట్టే.

ఇక్కడ పెద్దవాళ్ళకు ఒక అనుమానం రావచ్చు. "మేం ఏళ్ళ తరబడి చద్దన్నం తిని బతకలేదా? అప్పుడు ఫ్రిజ్ ఏదీ?" అని. న్యాయమైన ప్రశ్నే. పెద్దల మాట చద్దిమూట అన్న సామెత ఊరికే పుట్టలేదు. ఒడిశాలో పఖాళ అంటారు, తమిళనాట పళయ సోరు అంటారు, మనం చద్దన్నం అంటాం. పేర్లు వేరైనా పద్ధతి ఒకటే. రాత్రి అన్నంలో నీళ్ళో, మజ్జిగో పోసి నానబెడతారు. అందులో పెరుగును తోడుకునేలా చేసే జాతి క్రిములే పెరిగి పులుపు పుట్టిస్తాయి. ఆ పులుపు పెరిగేకొద్దీ జబ్బు తెచ్చే చాలా క్రిములకు అక్కడ చోటు చాలదు. పైగా దాన్ని పొద్దున్నే తినేసేవాళ్ళు. రాత్రి గిన్నెలో మూతపెట్టి పొడిగా వదిలేసిన అన్నానికి ఈ రక్షణ లేదు. రెండూ ఒకటి కావు. చద్దన్నం తినదలచుకుంటే శుభ్రమైన గిన్నెలో, కాచి చల్లార్చిన నీళ్ళలో, కాస్త పెరుగో మజ్జిగో కలిపి, రాత్రి వేళకే నానబెట్టి పొద్దున్నే తినండి. కన్నడసీమలో చిత్రాన్నానికి, మరాఠీవారు చేసే పోపన్నానికి రాత్రి అన్నం వాడుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. వాడుకోండి. ఆ అన్నం మాత్రం వేళకు ఫ్రిజ్‌లోకి వెళ్ళినదై ఉండాలి, మర్నాటితో అయిపోవాలి.

ఇప్పుడు ఫ్రిజ్ తలుపు తెరుద్దాం.

లోపల 4 డిగ్రీలు, ఎక్కువలో ఎక్కువ 5 డిగ్రీలు ఉండాలి. ఫ్రీజరులో సున్నాకు దిగువన 18 డిగ్రీలు ఉండాలి. లోపల తిప్పే బిళ్ళ మీద 1 నుంచి 5 దాకానో, 7 దాకానో అంకెలుంటాయి. చాలామంది 4 మీద పెట్టి 4 డిగ్రీలు అనుకుంటారు. అవి డిగ్రీలు కావు. అంకె పెరిగేకొద్దీ చల్లదనం పెరుగుతుందని మాత్రమే దానర్థం. అసలు చల్లదనం ఎంతో తెలియాలంటే ఫ్రిజ్‌లో పెట్టే చిన్న థర్మామీటరు ఒకటి కొనుక్కోవాలి. జ్వరం చూసేది ఇందుకు పనికిరాదు. ఒక గ్లాసు నీళ్ళలో దాన్ని ఉంచి, మధ్య అరలో రాత్రంతా పెట్టి, పొద్దున్న తలుపు తీయగానే చూడండి. అయిదు కంటే ఎక్కువ చూపితే బిళ్ళను ఒక అంకె పెంచి, మర్నాడు మళ్ళీ చూడండి. ఎండాకాలంలో, చలికాలంలో ఒక్కోసారైనా ఇలా చూసుకోవాలి.

ఎంత తిప్పినా చల్లబడకపోతే కారణాలు వెతకాలి. తలుపు అంచున ఉండే రబ్బరు వదులై ఉండవచ్చు. ఒక కాగితాన్ని తలుపు సందులో పెట్టి మూసి లాగండి. పట్టు లేకుండా జారివస్తే రబ్బరు మార్పించవలసిందే. ఫ్రిజ్ గోడకు అంటుకుని ఉంటే వెనకనుంచి వేడి బయటకు పోదు, నాలుగంగుళాలైనా జాగా వదలాలి. పొయ్యి పక్కన, ఎండ పడే కిటికీ దగ్గర పెట్టకూడదు. పాతరకం ఫ్రిజ్‌లలో మంచు పేరుకుంటుంది. అర సెంటీమీటరు మందం కట్టగానే కరిగించేయాలి, కత్తితో మాత్రం పొడవకూడదు. అన్నిటికంటే మామూలుగా జరిగే తప్పు, సందు లేకుండా కుక్కేయడం. చల్లటి గాలి గిన్నెల నడుమ తిరిగితేనే అన్నీ చల్లబడతాయి.

ఏది ఎక్కడ పెట్టాలన్నదానికీ ఒక వరస ఉంది. వండినవీ, వండకుండా తినేవీ పై అరల్లో పెట్టాలి. పచ్చి మాంసం, కోడి, చేప మూత ఉన్న డబ్బాలో అన్నిటికంటే కింద అరలో పెట్టాలి. పైన పెడితే దాని నీరు కింద ఉన్న పెరుగన్నంలోనో, కోసిన పుచ్చకాయ ముక్కల మీదనో కారుతుంది. ఆ పుచ్చకాయను మనం మళ్ళీ ఉడికించం గదా. తలుపు అరలు తెరిచినప్పుడల్లా వెచ్చబడతాయి. అక్కడ పచ్చళ్ళు, సాసులు, నీళ్ళ సీసాలు పెట్టుకోవచ్చు గాని, పాలు లోపలి అరలోనే ఉండాలి. గుడ్లు కడిగి పెట్టకండి. కడిగితే పెంకు మీది సన్నని పొర పోయి, క్రిములు లోపలికి దిగడం సులువవుతుంది. వాడేముందు కడుక్కుంటే చాలు. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, అరటిపళ్ళు ఫ్రిజ్‌కు ఎక్కించనక్కరలేదు. గాలి తగిలే బుట్టలో ఉంటేనే బాగుంటాయి, ఫ్రిజ్‌లో జాగా కూడా మిగులుతుంది.

ఇక గడువులు. వేళకు ఫ్రిజ్‌లోకి వెళ్ళిన కూరలు, పప్పు మూడు రోజుల లోపు తినేయాలి. అన్నం ఒక రోజు. పచ్చి చేప, కోడి, ఖైమా ఒకటి రెండు రోజులు. అంతకు మించి ఉంచాలనుకుంటే కొన్ననాడే ఫ్రీజరులో పెట్టాలి. కొబ్బరి పచ్చడి ఏ పూటకాపూట చేసుకుంటేనే మంచిది. ఇడ్లీ, దోసె పిండి పులుపు ఉన్నది గనుక మూడు నాలుగు రోజులు ఆగుతుంది. బూజు పట్టినా, రంగు మారినా, వేరే వాసన వచ్చినా పారబోయాలి. గిన్నె మూత మీద చిన్న కాగితం అంటించి తేదీ వేసుకుంటే ఇంట్లో వాదనలుండవు. కొన్న ప్యాకెట్ల మీద రెండు రకాల మాటలు కనబడతాయి. "యూజ్ బై" గాని, "ఎక్స్‌పైరీ" గాని ఉంటే ఆ తేదీ దాటాక తినకూడదు. "బెస్ట్ బిఫోర్" అంటే ఆ తేదీ దాకా రుచీ గుణమూ బాగుంటాయని. ఏదైనా సరే, ప్యాకెట్ విప్పని వాటికే ఆ తేదీలు. విప్పిన తరువాత ఎన్నాళ్ళు వాడవచ్చో అక్కడే వేరుగా రాసి ఉంటే అది చూసుకోవాలి.

యానాం వారూ, గంజాం తీరం వారూ నేను చేపల సంగతి విడిగా చెప్పకపోతే ఒప్పుకోరు. వరద గోదావరి రోజుల్లో పులస దొరికితే, పులుసు మర్నాడు తింటేనే రుచి అంటారు. ఆ రుచిని ఎవరూ వదులుకోనక్కరలేదు. చింతపండు పులుపు క్రిములకు కొంత అడ్డు గాని, పూర్తి రక్ష కాదు. పులుసు దించి, చన్నీళ్ళ తొట్టెలో చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ చల్లదనంలో కూడా ముక్కకు పులుపు పట్టడం ఆగదు. మర్నాడు కావలసినంత వేరే గిన్నెలోకి తీసుకుని తెర్లనివ్వండి. కానాగంతలు, కవళ్ళు, సూర వంటి సముద్రపు చేపలకు మరో ప్రమాదం ఉంది. పట్టిన తరువాత మంచు తగలకుండా ఎండలో ఉంటే వాటి కండలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. వండినా అది పోదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, దద్దుర్లు లేచి, తలనొప్పి వస్తుంది. కనుక సంతకు వెళ్ళేటప్పుడు చేపల దుకాణం ఆఖరున పెట్టుకోండి. మంచుతో సహా కట్టించుకుని నేరుగా ఇంటికి రండి.

ఫ్రీజరులోంచి తీసిన మాంసాన్ని గట్టు మీద పెట్టి కరగనివ్వడం మరో అలవాటు. లోపల గడ్డగా ఉండగానే పైభాగం ప్రమాదపు మేరలోకి వచ్చేస్తుంది. ముందురోజు రాత్రే తీసి, పళ్ళెంలో పెట్టి, ఫ్రిజ్ కింది అరలో ఉంచితే పొద్దుటికి మెత్తబడుతుంది. తొందరగా కావాలంటే నీరు దూరని సంచిలో కట్టి, చన్నీళ్ళలో ముంచి, అరగంటకు ఒకసారి నీళ్ళు మార్చాలి. కరిగిన దాన్ని వెంటనే వండాలి. బయట కరిగినదాన్ని పచ్చిగా మళ్ళీ ఫ్రీజరులో పెట్టకూడదు. అందుకే మొదటే పూటకు సరిపడా చిన్న చిన్న పొట్లాలుగా కట్టి పెట్టుకోవాలి.

మళ్ళీ వేడి చేసేటప్పుడు గోరువెచ్చన చేస్తే క్రిములకు మేలు చేసినట్టే. పులుసు, పప్పు కుతకుతలాడాలి. అన్నానికీ కూరకూ నడుమ కూడా ఆవిరి రావాలి. మైక్రోవేవ్ పొయ్యిలో పెడితే మధ్యలో తీసి ఒకసారి కలపాలి, లేకపోతే ఒక పక్క కాలి మరో పక్క చల్లగా ఉంటుంది. గిన్నె మొత్తం వేడిచేసి, మిగిలింది మళ్ళీ లోపలపెట్టి, మర్నాడు మళ్ళీ వేడిచేసే పద్ధతి మానండి. తినేంత తీసుకుని ఒక్కసారే వేడి చేయండి.

ఇదంతా బాగానే ఉంది గాని, కరెంటు సంగతేమిటి అంటారా? గాలివాన వచ్చినా, తుపాను వచ్చినా, లైను మరమ్మతులున్నా మొదట పోయేది అదే. దీనికి పాత కథ ఒకటి ఉపయోగపడుతుంది. మద్రాసు మెరీనా ఎదుట ఐస్ హౌస్ అని పిలిచే గుండ్రటి భవనం తమిళనాట ఉన్న మనవారికి తెలిసే ఉంటుంది. 1897లో వివేకానందులు బస చేసిన భవనం అదే. దాన్ని 1842లో కట్టించింది మంచుగడ్డలు దాచడానికి. ఆ మంచు అమెరికాలోని బోస్టన్ వైపు చెరువుల్లో చలికాలం కోసింది. మన దేశానికి మొదటి మంచు ఓడ 1833లో కలకత్తాకు వచ్చింది. నాలుగు నెలల సముద్రప్రయాణంలో, యంత్రమేదీ లేకుండా, ఆ మంచు మొత్తం కరిగిపోకుండా కాపాడింది రంపపు పొట్టూ, మూసి ఉంచిన తలుపులూను. వేడి లోపలికి రానివ్వకపోతే చల్లదనం తనంత తాను ఎక్కడికీ పోదు.

మీ ఫ్రిజ్ గోడల్లో ఆ పొట్టు పని చేసే దట్టమైన నురగ ఉంది. కరెంటు పోగానే మీరు చేయవలసిందల్లా తలుపు తెరవకుండా ఉండటమే. తెరవకపోతే కింది భాగం సుమారు నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజరు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు గడ్డకట్టిన స్థితి నిలుపుకుంటుందని లెక్క. మన ఎండల్లో, పాత ఫ్రిజ్‌లలో ఇంతకంటే తక్కువే అనుకోండి. ఫ్రీజరులో ఖాళీ ఉంటే నీళ్ళ సీసాలు ముప్పాతిక నింపి పెట్టుకోండి. అవే మీ మంచుగడ్డలు. కోత ఎక్కువసేపు ఉంటుందని ముందే తెలిస్తే ఆ పూట వంట తగ్గించుకోండి. నాలుగు గంటలు దాటితే పాలు, వండిన పదార్థాలు, మాంసం, చేప ముందు చూసుకోవాలి. లోపల 5 డిగ్రీలు దాటి రెండు గంటలైతే అవి వాడవద్దు. పచ్చళ్ళు, వెన్న, పండ్లు, కూరగాయలు ఆగుతాయి.

ఊరు వెళ్ళి వచ్చినప్పుడు ఇంట్లో కరెంటు ఎంతసేపు పోయిందో తెలియదు. దానికి ఒక చిట్కా ఉంది. వెళ్ళేముందు చిన్న గిన్నెలో నీళ్ళు పోసి ఫ్రీజరులో గడ్డకట్టించి, దాని మీద ఒక రూపాయి బిళ్ళ పెట్టి వెళ్ళండి. తిరిగి వచ్చేసరికి బిళ్ళ పైనే ఉంటే ఫరవాలేదు. బిళ్ళ అడుగున ఉండి పైన మంచు కట్టి ఉంటే, మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టిందన్నమాట. అందులోని మాంసమూ చేపా వాడకండి.

ఇన్ని జాగ్రత్తలు ఎవరికోసం? ఆరోగ్యవంతులకు ఒక పూట కడుపు నొప్పితో పోవచ్చు. పసిపిల్లలు, అరవై దాటినవారు, గర్భిణులు, చక్కెర జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు తట్టుకోలేరు. లిస్టీరియా అనే క్రిమి ఫ్రిజ్ చల్లదనంలో కూడా మెల్లగా పెరుగుతుంది, గర్భంలోని బిడ్డకు అది ప్రాణాంతకం కావచ్చు. కాబట్టి గర్భిణులకు నిలవ ఉన్నవి పెట్టకుండా ఉంటేనే మంచిది. పెట్టక తప్పకపోతే పొగలు వచ్చేలా వేడి చేయండి. ఎవరికైనా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. పొడిని ప్యాకెట్ మీద చెప్పినన్ని నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. తాగినది నిలవకపోయినా, మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా, రక్తం పడినా, జ్వరం ఎక్కువగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

చివరగా ఒక్క మాట. అన్నం పారేయడానికి మన చేతులు రావు. అది మంచి సంస్కారమే. అయితే చాలా ఇళ్ళలో ఏం జరుగుతుందంటే, మిగిలినదాన్ని పారేయలేక, పిల్లలకు పెట్టలేక, తల్లి తానే తింటుంది. నిన్నటిదీ మొన్నటిదీ ఆమె పళ్ళెంలోకే వస్తాయి. ఆమె మంచాన పడితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అన్నం మీద గౌరవం చూపించవలసింది గిన్నె కడిగేటప్పుడు కాదు, బియ్యం కొలిచేటప్పుడు. ఒక గుప్పెడు తక్కువ వేయండి. మిగిలితే గంటలోపు చల్లార్చి లోపల పెట్టండి. ఎన్నింటికి దించారో గుర్తు లేకపోతే ఎవరూ తినవద్దు, అమ్మతో సహా.

ఆ రోజు తరువాత మా వంటింట్లో ఫ్రిజ్ పైన గోడకు ఒక గడియారం తగిలించాం. దించిన వేళ చెప్పకుండా మా అత్తగారు ఇప్పుడు ఏ గిన్నెనూ ఫ్రిజ్‌లో పెట్టనివ్వరు. మీ ఇంట్లో కూడా ఆ ప్రశ్న అడిగే మనిషి ఒకరుండాలని కోరుకుంటాను.